బైపీసీ సీటుకి వెళ్లిన పనసపండు

మా నాన్నగారు నా నంబరు కోసం పేపర్లో ముందుగా ఫస్టు క్లాసు వరసలు వెతికారు. అది ఆయన మర్యాద. నేను ఫస్టు క్లాసులో పాసవుతానని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు, మా దొడ్లో కోళ్లు కూడా అనుకోలేదు. అయినా కన్నకూతురి నంబరుని తిన్నగా వెళ్లి థర్డు క్లాసులో వెతకడం బాగుండదని ఆయన ఉద్దేశం. డెబ్భయ్యో దశకం చివరి సంగతి ఇది. పదో తరగతి ఫలితాలు పేపర్లో నంబర్లుగా పడేవి. ఆ పేపరు పొద్దుటి బస్సులో రాజోలు నుంచి మా ఊరొచ్చేది. పరీక్ష రాసినవాళ్లు, రాయించినవాళ్లు, ఏ సంబంధమూ లేనివాళ్లు, అందరూ బస్సు ఆగే చోటే నిలబడి ఉండేవారు. అందరి ముందూ నాన్నగారు ఫస్టు క్లాసు రెండుసార్లు చదివారు. సెకండు క్లాసు ఒకసారి చదివారు. కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుని, నా మొహం చూడకుండా కిందికి దిగారు. థర్డు క్లాసులో, అడుగు నుంచి నాలుగో వరసలో ఉన్నాను నేను.

"పాసేనమ్మా," అన్నారు.

నాన్నగారు మా ఊరి ఎలిమెంటరీ స్కూలుకి హెడ్మాస్టరు. చుట్టుపక్కల మూడూళ్లలో ఎక్కాలు వచ్చినవాళ్లందరికీ ఆయనే నేర్పారు. ఆయన కూతురికి లెక్కల్లో ముప్ఫయ్యారు వచ్చాయి. ముప్ఫయ్యైదు వస్తే పాసు. ఆ ఒక్క మార్కూ ఎక్కువెలా వచ్చిందా అని మా అమ్మ చాలా రోజులు ఆశ్చర్యపోయింది. నన్ను చూసి నిజంగా సంతోషించింది మా మామ్మ ఒక్కతే, అంటే నాన్నగారి తల్లి. ఆవిడ రైతుల చేలల్లో నాట్లు వేసి, కొబ్బరి డొక్కలు మోసి కొడుకుని మేష్టార్ని చేసింది. తనకి మటుకు అక్షరమ్ముక్క రాదు. ఫస్టు క్లాసు కన్నా థర్డు క్లాసు పెద్దదని ఆవిడ లెక్క. ఆ లెక్క మీద వీధంతా బెల్లం ముక్కలు పంచిపెట్టింది. తీసుకున్నవాళ్లెవరూ ఆవిడ తప్పు దిద్దలేదు. మా వైపు మనుషులు అలాంటివాళ్లు.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు నా కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. మామ్మే చేయమని అడిగింది. ఆయన కళ్లు మూసుకుని, చేతులెత్తి, "ప్రభువా, ఈ బిడ్డకి లెక్కల్లో ముప్ఫయ్యారే వచ్చినప్పటికీ, ఇంగ్లీషులో ముప్ఫయ్యెనిమిదే వచ్చినప్పటికీ..." అని ఒక్కొక్క సబ్జెక్టే దేవుడికి చదివి వినిపించారు. దేవుడికి ముందే తెలిసి ఉంటుంది. తెలియనిదల్లా మా ఊరివాళ్లకే. ఆ రోజుతో వాళ్లకీ తెలిసిపోయింది.

ఇక అక్కణ్ణుంచి సలహాలు మొదలయ్యాయి. పిల్ల ఫస్టు క్లాసులో పాసైతే ఎవరూ సలహా చెప్పరు, కాఫీ తాగి వెళ్లిపోతారు. థర్డు క్లాసైతే మాత్రం ప్రతి మనిషికీ ఓ దారి కనిపిస్తుంది. పాస్టరుగారు బైబిలు ట్రైనింగుకి పంపమన్నారు. అమలాపురంలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే ఒకాయన, టైపు హయ్యరూ షార్టుహ్యాండూ పాసైతే తాలూకాఫీసులో ఉద్యోగం తన పూచీ అన్నాడు. పక్కింటావిడ కుట్టు మిషనన్నది. కాకినాడలో నర్సుగా చేసే మా మేనత్త ఇంకో అడుగు ముందుకేసి, నర్సు ట్రైనింగు దరఖాస్తు ఫారం మాకు పోస్టులో పంపేసింది. అందులో మా నాన్నగారు సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు కూడా పెట్టింది.

నాన్నగారు ఎవరినీ కాదనలేదు. మా వైపు ఇంటికొచ్చిన మనిషి మొహం మీద కాదనడం తప్పు. "ఆయ్, అలాగేనండి," అంటాం. పాస్టరుగారికి "ఆయ్" అన్నారు. టైపాయనకి "ఆయ్, అలాగే పంపుతానండి" అన్నారు. మిషనావిడకీ "ఆయ్". వారం తిరిగేసరికి నేను బైబిలుకీ టైపుకీ కుట్టుకీ నర్సుకీ కూడా ఖాయమైపోయాను. టైపాయనైతే నా కోసం సాయంకాలం బ్యాచీలో ఓ మిషను అట్టేపెట్టి ఉంచానని కబురు కూడా పంపాడు. ఇన్ని ఖాయమైనా నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

నాకు బైపీసీ కావాలి. ఎందుకంటే నవ్వుతారు. అమలాపురం బస్సులో నేనోసారి బైపీసీ చదివే అమ్మాయి పక్కన కూర్చున్నాను. ఆ అమ్మాయి ఒళ్లో చిన్న పెట్టె ఉంది. మూత తీస్తే లోపల ఎర్ర గుడ్డ మీద కత్తెరా, చాకూ, సూదులూ వరసగా పడుకుని ఉన్నాయి. కప్పని కోస్తామని చెప్పింది. గుండెకాయ బయటికి తీశాక కూడా కాసేపు కొట్టుకుంటుందని చెప్పింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయంతో కాదు, అసూయతో. ప్రపంచంలో ప్రతి వస్తువూ మూత పెట్టి ఉంటుందనీ, అది తీసి చూడ్డానికి ఒక చదువు ఉందనీ, ఆ చదువు అమలాపురంలోనే దొరుకుతుందనీ అప్పుడే తెలిసింది. అది కాకుండా ఇంకేదిచ్చినా నాకు అక్కర్లేదు.

కానీ నా మార్కులకి బైపీసీ రాదు. కాలేజీ వాళ్లు లిస్టు వేస్తే నా పేరు గోడ దిగి వరండా దాటి రోడ్డు మీదికి వెళ్తుంది. ఒక్క ఆశ ఏమిటంటే, లిస్టులన్నీ అయ్యాక మిగిలిన రెండు మూడు సీట్లు ప్రిన్సిపాలుగారు తన ఇష్టం వచ్చినవాళ్లకి ఇవ్వొచ్చునట. నా బైపీసీ సంగతి నా నోట విని, ఆ మాట నాన్నగారితో చెప్పింది మా అమ్మ. అమ్మ అంతవరకూ ఏ సలహా చెప్పలేదు కాబట్టి నాన్నగారు విన్నారు. మేనత్త దరఖాస్తు చేరాల్సిన గడువు ఇంకో వారం ఉంది. ఈలోగా బైపీసీ వస్తే సరే, రాకపోతే పెన్సిల్ గుర్తు మీద సంతకం పెట్టేస్తానన్నారు. మేనత్త మంచిదే. కానీ ఆవిడ దగ్గర ఉండడమంటే తెల్లారుఝామునే లేచి దుప్పటి నలుచదరంగా మడతపెట్టడం. నాకు ఏడుపొచ్చింది.

"అయ్యగారింటికి ఒట్టి చేతుల్తో ఎల్తారేట్రా," అంది మామ్మ. ప్రిన్సిపాలుగారి ఇంటికి ఏదో ఒకటి పట్టుకెళ్లాలి. అది లంచం కాదు. మా వైపు ఎవరింటికి వెళ్లినా అరటిపళ్లో, కొబ్బరికాయలో పట్టుకెళ్తాం. పట్టుకెళ్లకపోతే దెబ్బలాడ్డానికి వచ్చారేమో అనుకుంటారు. ఆ ఏడు మా దొడ్లో పనసచెట్టుకి మిగిలినవి రెండే కాయలు. మామ్మ రెంటినీ తట్టి, చెవి పెట్టి విని, పెద్దదాన్ని ఎంచింది. "ఇయ్యాల కోసెయ్. రేపు పట్టుకెల్లండి. ఎల్లుండికి ఆరింట్లో పండుద్ది. పండినప్పుడు వాసనకి మనం గుర్తొత్తాం," అంది.

పనసకాయ విషయంలో ఆవిడ లెక్క తప్పడం అదే మొదటిసారి. పండు ఎల్లుండి దాకా ఆగలేదు. మర్నాడు పొద్దున్న గోనెసంచిలో చుట్టి బస్సెక్కించేసరికే ఘుమాయించేసింది. బోడసకుర్రు రేవులో పంటు ఎక్కాం. పంటంటే రెండు పడవల్ని కలిపి పైన బల్లలు పరిచి కట్టింది, మనుషుల్నీ సైకిళ్లనీ గేదెల్నీ కూడా దాటించేది. పంటు మీద మా చుట్టూ జనం చేరారు. జూన్ నెలాఖరులో పిల్లనీ పనసపండునీ వెంటబెట్టుకుని అమలాపురం వెళ్లే మనిషి ఎందుకెళ్తున్నాడో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

"ఏ గ్రూపుకండి మేష్టారూ?" అన్నాడు తెడ్డు వేసే మనిషి.

"ఆయ్, బైపీసీ అనుకుంటన్నావండి."

"మావోడికి సీఈసీకే రెండు గెలలు పట్టిందండి. బైపీసీకి ఒక్క కాయ ఆనుద్దాండీ?" అని జాలిగా చూశాడు.

ప్రిన్సిపాలుగారి ఇంటి ముందుకి వెళ్లి ఆగిపోయాను. వరండాలో గోడ వారగా పనసకాయలు వరసగా కూర్చుని ఉన్నాయి. లెక్కపెట్టాను, పదకొండు. పక్కన అరటిగెలలు, కొబ్బరికాయల గుట్ట, ఆత్రేయపురం నుంచి వచ్చిందో ఏమో ఓ పూతరేకుల డబ్బా. మా జిల్లాలో థర్డు క్లాసులో పాసైన పిల్లలందరూ ఆ వరండాలోనే ఉన్నారు. మా పండుని పన్నెండోదిగా పెట్టారు నాన్నగారు. అన్నిటికన్నా చిన్నది మాదే. మా దొడ్లో ఉన్నప్పుడు అది అంత చిన్నగా కనపడలేదు.

ప్రిన్సిపాలుగారు సన్నగా, తెల్లగా, మెత్తగా మాట్లాడే మనిషి. ఆయనది కూడా కోనసీమే, కొత్తపేట వైపు. అదే మా కొంప ముంచింది. మా వైపు పద్ధతి ప్రకారం ఇంటికొచ్చిన మనిషి తన పనేమిటో తనంతట తాను చెప్పకూడదు. చెబితే పని కోసమే వచ్చినట్టు ఉంటుంది. ఇంటాయన అడగాలి. కానీ ఇంటాయన కూడా "ఏం పని మీద వచ్చారు" అని అడక్కూడదు. అడిగితే పని లేకపోతే రావద్దన్నట్టు ఉంటుంది. మామూలు మనుషులైతే ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు మర్యాద తప్పి పని కానిచ్చేస్తారు. ఆ రోజు ఎదురుబొదురు కూర్చున్న ఇద్దరూ మామూలు మనుషులు కారు.

"కాలవలకి నీళ్లొదిలేరాండి మీవైపు?"

"ఆయ్, మొన్ననే వదిలేరండి. తమరి దయ."

కాలవ నీళ్లు వదలడానికీ ప్రిన్సిపాలుగారి దయకీ ఏమిటి సంబంధమో నాకు ఇప్పటికీ తెలీదు. అక్కణ్ణుంచి నారుమళ్లు, కొబ్బరి ధర, రావులపాలెం రోడ్డు మీద గోతులు, ఆలమూరులో ప్రిన్సిపాలుగారి వియ్యంకుడి మోకాలి నొప్పి. కాఫీలు వచ్చాయి. మళ్లీ మోకాలి నొప్పి. నేను నాన్నగారి చొక్కా వెనక పట్టుకుని లాగాను. ఆయన చొక్కా సర్దుకున్నారు. గంటన్నర అయ్యాక, ఇద్దరికీ నొప్పి గురించి తెలిసినదంతా అయిపోయాక, నాన్నగారు లేచి నిలబడి చేతులు జోడించారు.

"మరి సెలవండి."

"అప్పుడేనాండి!" అన్నారు ప్రిన్సిపాలుగారు, ఎంతో బాధగా.

మెట్లు దిగుతుంటే వాళ్లావిడ పరుగున వచ్చారు. "అయ్యో, ఆడపిల్ల ఇంటికొచ్చి ఒట్టి చేతుల్తో వెళ్తుందేటండి," అంటూ గుమ్మం దగ్గరున్న పనసపండొకటి గోనెపట్టాతో సహా పనివాడి చేత ఎత్తించి నాన్నగారి చేతుల్లో పెట్టించారు. పాపం ఆవిడ బాధ ఆవిడది. ఇల్లంతా పనస వాసన, తినేవాళ్లు ఇద్దరు. నాన్నగారు వద్దనలేరు కదా. "ఆయ్," అన్నారు. మేము పట్టుకెళ్లిన దానికి రెండింతలుంది ఆ పండు. నలభై ఏళ్ల మనిషి దాన్ని చంకనెత్తుకుని అమలాపురం బస్టాండు దాకా నడిచారు. తిరుగు పంటులో తెడ్డు మనిషి మమ్మల్ని చూసి తెడ్డు వేయడం మానేశాడు. "ఇదేటండి, ఇచ్చొత్తారనుకుంటే తెచ్చుకుంటన్నారు?"

ఇంట్లో పెద్ద గొడవైంది. మామ్మ నెత్తి కొట్టుకుంది. కాయ తిరిగొచ్చిందంటే సీటు లేదని మొహం మీద చెప్పినట్టేనంది. అమ్మ ఒప్పుకోలేదు. చిన్నది తీసుకుని పెద్దది ఇచ్చారంటే మన మీద అభిమానం ఉన్నట్టే కదా అంది. ఆ అభిమానం పేరు చెప్పుకుని పండు కోసేశాం. మామ్మ చేతికి నూనె రాసుకుని నిలువునా చీరింది. నేను తొనలు వలిచాను. అలాంటి పండు నేను మళ్లీ తినలేదు. తేనె కారింది. వీధిలో పిల్లలందరికీ పెట్టగా కూడా మిగిలింది. అందరం చేతులు నాక్కుంటూ ఉండగా అమ్మ గోనెపట్టా దులిపింది. అందులోంచి చీపురుపుల్లకి గుచ్చిన చీటీ ఒకటి రాలింది.

నాన్నగారు తీసి చదివారు. ఎవరో అబ్బాయి పేరు. తండ్రి పేరు, ఊరు. కింద, "బైపీసీ. థర్డు క్లాసు. అయ్యగారు దయ ఉంచవలెను."

అప్పుడర్థమైంది మాకు. తెలిసినవాళ్లు కాయకి చీటీ గుచ్చి పెడతారు, ఎవరి కాయో ప్రిన్సిపాలుగారికి గుర్తుండడానికి. మాకు ఆ సంగతి తెలీదు. మా పండు పేరూ ఊరూ లేకుండా ఆ వరండాలో పడి ఉంది. అంతకన్నా ఘోరం, ఎవరి పిల్లాడి సీటునో మేం తెచ్చుకుని ముప్పాతిక వంతు తినేశాం.

"తిన్నదేదో తిన్నాం. ఆ చీటీ పొయ్యిలో పడేద్దురూ," అంది అమ్మ. ఆలోచిస్తే అమ్మ మాటే నాకు లాభం. అదీ బైపీసీయే, నాదీ బైపీసీయే. ఒకడు తగ్గితే తగ్గాడు. పదిహేనేళ్ల పిల్లకి అంతకన్నా పెద్ద బుద్ధి పుట్టలేదని సిగ్గు పడకుండా రాస్తున్నాను.

నాన్నగారు మాత్రం అన్నం తినలేదు. "పిల్లాడి బతుకే," అంటూ చీటీ చేత్తో పట్టుకుని అరుగు మీద అటూ ఇటూ తిరిగారు. మర్నాడు పొద్దున్నే దొడ్లో ఉన్న ఆఖరి పనసకాయ కోసి, దానికి ఆ చీటీ గుచ్చారు. మామ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది.

"ఒరే, పన్లో పని. మన పిల్లదీ ఓ సీటీ రాసి గుచ్చరా."

"ఒక్క కాయకి రెండు చీటీలేంటమ్మా, అసహ్యంగా," అన్నారు నాన్నగారు.

నేను కూడా వస్తానని పేచీ పెట్టి బయల్దేరాను. ఎందుకో చెప్పనా? ఈసారైనా నోరు తెరుస్తారేమోనని. పంటులో తెడ్డు మనిషి ఇక ఏమీ అడగలేదు. మాకు బాగా చోటిచ్చి దూరంగా నిలబడ్డాడు.

ప్రిన్సిపాలుగారు మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయారు గానీ పైకి కనపడనివ్వలేదు. నాన్నగారు కూర్చోలేదు. కాయ కింద పెట్టి, నిలబడే, జరిగిందంతా చెప్పారు. కాయ తిన్నామని కూడా చెప్పారు. బాగుందని కూడా చెప్పారు. ప్రిన్సిపాలుగారు నవ్వు ఆపుకుంటూ చీటీ తీసుకుని, బల్ల మీదున్న కాగితాల్లో ఆ పేరు వెతికి పెదవి విరిచారు.

"మార్కులు బొత్తిగా తక్కువండి మేష్టారూ. ఇటువంటివాళ్లకి బైపీసీ ఇచ్చి ఏం లాభవండి."

అప్పుడు మా నాన్నగారు నోరు తెరిచారు. నా పుట్టుక నుంచీ ఆయన అంతసేపు ఆగకుండా మాట్లాడగా నేను వినలేదు.

"తక్కువేనండి. నేను కాదన్నండి. కానీ ఇరవయ్యేళ్లబట్టి పిల్లలకి లెక్కలు చెప్తన్నానండి, నా మాట వినండి. కొందరు పిల్లలుంటారండి. లెక్క సగంలో ఆగిపోతారండి. తెలీక కాదండి, ఈ లెక్క ఇలాగే ఎందుకు చెయ్యాలని మధ్యలో డౌటొస్తుందండి. ఆ డౌటు తీరేలోపు గంట కొట్టేస్తారండి. పరీక్ష మూడు గంటలండి, ఆళ్లకి నాలుగు గంటలు కావాలండి. అంతే తేడా అండి. ఇంట్లో గోడ గడియారం విప్పేస్తారండి. తిరిగి బిగించడం రాదనుకోండి. అయినా విప్పేరు కదండి! ఏ చక్రం దేన్ని తిప్పుతుందో చెప్పేస్తారండి. గడియారం చూసి టైము చెప్పే పిల్లలు బోలెడంతమంది అండి. అలాంటి పిల్లని తీసుకెళ్లి కదలకుండా ఓ చోట కూర్చోపెట్టేస్తే పాపమండి. మీరు ఒక్కసారి దగ్గిరికి తియ్యండి. ఫస్టు క్లాసు రాకపోతే నన్నడగండి."

గుమ్మం దగ్గర ప్రిన్సిపాలుగారి భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడి కోసం ఇంతలా మాట్లాడగల మనిషి నిన్న నా కోసం మోకాలి నొప్పి దాటి రాలేకపోయారు.

"ఇంతగా చెప్పేక ఇవ్వకపోతే ఎలాగండి," అన్నారు ప్రిన్సిపాలుగారు. "బైపీసీలో ఒక్కటే మిగిలిందండి. ఇదిగో, ఆ అబ్బాయికే రాసేస్తన్నాను." రాసేశారు. నా కళ్లముందే, ఎర్ర సిరాతో. సంతకం పెట్టి కలం మూసి, అప్పుడు పాపం మర్యాదకి అడిగారు. "తమరిది వేరే పనేవన్నా ఉందాండి?"

మా నాన్నగారు రెండు చేతులూ ఊపారు. "అబ్బెబ్బే, ఏం లేదండి. తమరిని ఓసారి చూసి వెళ్దావని!"

ఇక నేను ఆగలేకపోయాను. "ఉందండి!" అని అరిచాను. గది అదిరింది. "నాకండి! నాక్కావాలండి బైపీసీ! నిన్న కూడా అందుకే వచ్చేవండి!"

ప్రిన్సిపాలుగారు కుర్చీలోంచి సగం లేచారు. ఒకసారి నన్నూ, ఒకసారి నాన్నగారినీ, ఒకసారి ఎర్ర సిరానీ చూసుకున్నారు. "అయ్యో మేష్టారూ! ముందే ఓ ముక్క చెప్పకూడదుటండీ!" అని తల పట్టుకున్నారు. సిరా ఆరిపోయింది. రాసింది కొట్టేస్తే బాగుండదని ఆయనా అనుకున్నారు, కొట్టెయ్యమనడం బాగుండదని నాన్నగారూ అనుకున్నారు. మార్కులు అడిగితే నేనే చెప్పాను. ఆ అబ్బాయి కన్నా ఏడు తక్కువ. చివరికి సీఈసీలో వేశారు. సివిక్సు, ఎకనామిక్సు, కామర్సు. విప్పి చూడ్డానికి ఏమీ ఉండవు అందులో. మేనత్త కాగితం మీద సంతకం తప్పింది, అంతవరకే దక్కింది. ఆ ఎకనామిక్సే తర్వాత నాకు ముప్ఫయ్యేళ్లు జీతం ఇచ్చింది కానీ, ఆ రోజు నాకు అది తెలీదు కదా. బైపీసీ పోయింది, అది మాత్రమే తెలుసు. జన్మలో ఈయనతో మాట్లాడకూడదని అమలాపురం బస్టాండులో ఒట్టు పెట్టుకున్నాను.

పంటు సగం దూరం వచ్చేదాకా ఒట్టు నిలబెట్టాను. నాన్నగారు నా పక్కనే బల్ల అంచున కూర్చుని నీళ్లకేసి చూస్తున్నారు. చేతిలో ఏ పండూ లేదు. ఆ రోజూ ప్రిన్సిపాలుగారి భార్య ఒకటి ఇవ్వబోయారు, నేను ఉరిమి చూశాను.

"ఆ అబ్బాయి మీకు ముందే తెలుసా?" అన్నాను, మొహం అటు తిప్పుకునే.

"తెలీదమ్మా."

"మరి అన్నేసి మాటలు ఎలా చెప్పేరు? లెక్క మధ్యలో డౌటొస్తుందని, నాలుగు గంటలు కావాలని..."

నాన్నగారు పక్కనున్నవాళ్లు వింటున్నారేమోనని అటూ ఇటూ చూశారు. గొంతు బాగా తగ్గించి, తప్పు చేసి దొరికిపోయినవాడిలా అన్నారు.

"నాకు తెల్సిన థర్డు క్లాసు నువ్వొక్కద్దానివే కదమ్మా."

నేను తల తిప్పి ఆయన్ని చూశాను. ఆయన మళ్లీ నీళ్లకేసి తిరిగిపోయారు. నాకు ఏడుపాగలేదు. రేవు వచ్చేదాకా ఏడ్చాను, చుట్టూ ఉన్నవాళ్లు సీటు రాలేదనుకుని జాలిపడ్డారు.